ఎర్ర మంజిల్ నుంచి ఎర్రగడ్డ దాకా క్షయ లెక్కలు

పంజగుట్ట నుంచి ఖైరతాబాద్ వెళ్లే దారిలో, సోమాజిగూడను ఆనుకుని, ఒక గుట్ట మీద ఎర్ర మంజిల్ ఉంది. 1870 ప్రాంతంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలు అది. ఆ గుట్టను అప్పటి జనం ఎర్రగడ్డ అనేవారట. ఆ మాటకు దగ్గరగా వినిపించేలా నవాబు స్వర్గానికి పారసీలో ఉన్న ‘ఇరమ్’ అనే పేరు ఏరుకున్నాడని చెబుతారు. ఆయన స్వర్గమన్నాడు, ఊరు ఎరుపుతో సరిపెట్టుకుంది. ఇప్పుడు మనం ఎర్రగడ్డ అంటున్న చోట అదే నవాబుకు ఇంకో మహలు ఉండేది, ఇరమ్ నుమా. అది తరవాతి కాలంలో క్షయ ఆసుపత్రి అయింది. నగరంలో ఛాతీ ఆసుపత్రి అంటే ఇప్పటికీ అదే. ఎర్ర మంజిల్‌లో మెట్రో ఎక్కితే పంజగుట్ట, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, ఈఎస్ఐ దాటాక అయిదో స్టేషన్ ఎర్రగడ్డ. ఈ రెండు మహళ్ల మధ్య ఇవాళ నిమ్స్ ఉంది, కార్పొరేట్ ఆసుపత్రులున్నాయి, సందుసందుకీ నర్సింగ్ హోములూ స్కానింగ్ సెంటర్లూ ఉన్నాయి. పేద దేశంలో వైద్యాన్ని ఏ దారిన అందిస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయన్న ప్రశ్నకు మన వైపు నూరేళ్ల సాక్ష్యం పోగుపడింది. దాన్ని క్షయ ఒక్కదాని వెంట నడిచినా చదవవచ్చు. చౌక వైద్యమని పేరుపడ్డ ప్రతి పద్ధతిలోనూ ఖర్చు కొంత నిజంగా తగ్గింది, కొంత ఒకరి జేబులోంచి ఇంకొకరి జేబుకు మారింది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోవడం వల్లే మన ఆరోగ్య లెక్కలు తరచూ తప్పుతున్నాయన్నది నా వాదం.

మందు లేని రోజుల్లో క్షయకు వైద్యమంటే గాలి, తిండి, విశ్రాంతి. అందుకే శానటోరియంలు కొండగాలి తగిలే చోట వెలిశాయి. తెలుగు నేల మీద వాటిలో పేరుమోసింది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1912లో మదనపల్లెలో మొదలై 1915లో ఊరి బయటి సొంత స్థలానికి మారిన ఆ మిషన్ శానటోరియానికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలి పెద్ద. హైదరాబాదుకు ఇరమ్ నుమా, వికారాబాద్ వైపు అనంతగిరి కొండలు అదే అవసరం తీర్చాయి. అక్కడికి చేరినవాళ్లకు శ్రద్ధగా చూసుకునే మనుషులు దొరికారు, అందులో సందేహం లేదు. చేరలేనివాళ్ల సంగతే చిక్కు. దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో వేసిన అంచనా ప్రకారం దేశంలో క్షయ రోగులు 25 లక్షలు, ఏటా చనిపోయేవాళ్లు 5 లక్షలు, వాళ్లందరికీ ఉన్న పడకలు 6 వేలు. అంటే పడక ఒక్కటి, దాని కోసం వరసలో నాలుగు వందల మందికి పైగా. ఒక్కొక్కరు నెలల తరబడి ఉండాల్సిన జబ్బుకు ఆ వరస కదిలేదెప్పుడు? పడకలు పదింతలు చేసినా నలభై మందికి ఒకటి దక్కేది. శానటోరియం చెడ్డదని కాదు. లాటరీ తగిలినవాడికి అది మంచిది.

ఆ చిక్కుముడి విప్పిన పని మద్రాసులో జరిగింది. స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనియజిడ్ వచ్చాక జబ్బుకు మందు దొరికింది గానీ, మందును మంచం మీద పడుకోబెట్టే ఇవ్వాలన్న నమ్మకం పోలేదు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి చేత్‌పేటలో ఒక కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో నగరంలోని పేద రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియానికి వెళ్లింది, రెండో గుంపు ఇరుకు ఇళ్లలోనే ఉండి మందులు మింగింది. శానటోరియంలో తిండి మెరుగు, విశ్రాంతి ఎక్కువ. ఇంటి గుంపులో చాలామంది పనులకూ పోయారు. ఏడాది తిరిగేసరికి సూక్ష్మజీవి అణిగినవాళ్లు శానటోరియంలో నూటికి 92, ఇళ్లలో 86. ఆ తేడా చిన్నది, మందు క్రమంగా మింగేలా చూస్తే పూడ్చుకోగలిగింది. ఇంకా ముఖ్యమైన ఫలితం ఇంకోటుంది: ఇంట్లో రోగి ఉన్నందువల్ల కుటుంబంలో మిగిలినవాళ్లకు జబ్బు ఎక్కువగా సోకలేదు. 1959లో తొలి ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతా శానటోరియంలు ఒక్కటొక్కటిగా తలుపులు మూశాయి. ధనిక దేశాలు సైతం పేద దేశపు ప్రయోగాన్ని చూసి తమ పద్ధతి మార్చుకున్న అరుదైన సందర్భం ఇది. ఇక్కడ ఖర్చు చేతులు మారలేదు, నిజంగానే తగ్గింది.

అయితే ఆ విజయం మీద 1962లో కట్టిన జాతీయ క్షయ కార్యక్రమం కథ వేరు. పడక ఖర్చు ప్రభుత్వానికి మిగిలింది. ఇంటి దగ్గర మందు మింగించే మనిషి ఖర్చు ఎవరూ పెట్టలేదు. రోగి తనంతట తాను రావాలి, తెమడ పరీక్ష చేయించుకోవాలి, నెలనెలా వచ్చి మందులు పట్టుకెళ్లాలి. బెంగళూరు జాతీయ క్షయ సంస్థ నుంచి బెనర్జీ, ఆండర్సన్ 1963లో వెలువరించిన అధ్యయనం అప్పటికే హెచ్చరించింది: కర్ణాటక పల్లెల్లో క్షయ లక్షణాలున్నవాళ్లలో సుమారు సగం మంది సర్కారు దవాఖానాకు వెళ్లారు, అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపారు. తెలియక రాలేదు, మొండికేసి రాలేదు అని రోగిని తిట్టడానికి ఆ లెక్క తావివ్వదు. వాళ్లు వచ్చారు, వైద్యమే ఎదురు రాలేదు. కార్యక్రమం మొదలైన ముప్పై ఏళ్ల తరవాత, దాని మీద జరిగిన 1992 సమీక్షలో, రోగుల్లో పసిగట్టింది నూటికి 30 మందినేననీ, వాళ్లలోనూ నయమైంది 30 శాతమేననీ తేలింది. మిగిలినవాళ్లు ఎక్కడికి పోయారంటే వీధి చివరి ప్రైవేటు డాక్టరు దగ్గరికి. అక్కడ ఏం జరిగేదో 1991లో ముంబయి ధారావి అధ్యయనం చూపింది: నూరు మంది డాక్టర్లను అడిగితే క్షయకు 80 రకాల చీటీలు రాశారు. ప్రభుత్వ పుస్తకాల్లో ఈ కార్యక్రమం చవక. పుస్తెలు తాకట్టు పెట్టి ఆ 80 రకాల మందులు కొన్న కుటుంబాల ఖర్చు ఆ పుస్తకాల్లోకి ఎక్కలేదు, అంతే.

హైదరాబాదు ఈ కథలోకి మళ్లీ వచ్చేది ఇక్కడే. 1995లో మహావీర్ ఆసుపత్రి, డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి ఆధ్వర్యంలో, సర్కారుతో కలిసి ఒక పని మొదలుపెట్టింది. పరీక్షా మందూ ఉచితం. మందు మింగించే చోటు మాత్రం పెద్దాసుపత్రి కాదు, రోగి ఇంటికి దగ్గరి చిన్న నర్సింగ్ హోము. అప్పటి డాట్స్ పద్ధతిలో వారానికి మూడు సార్లు ఎవరో ఒకరి కళ్లెదుట మందు మింగాలి. కూలీకి వెళ్లే మనిషి వారానికి మూడు పూటలు బస్సెక్కి పోయి వరసలో నిలబడటం కంటే, పనికి పోతూ వీధి మలుపులో మందు మింగి పోవడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఈ ప్రాజెక్టునూ ఢిల్లీలోని ఇలాంటిదాన్నీ కేథరిన్ ఫ్లాయిడ్ బృందం లెక్కగట్టి 2006లో ప్రచురించింది. ప్రభుత్వానికి రోగి ఒక్కరికి అయిన ఖర్చు సర్కారు డాట్స్‌లో 63 డాలర్లు, ఈ ఉమ్మడి పద్ధతిలో 24 నుంచి 33 డాలర్లు. రోగికీ తోడు వచ్చేవాళ్లకూ అయినది డాట్స్ ఏదైనా 50, 60 డాలర్ల మధ్య. డాట్స్ లేని ప్రైవేటు వైద్యంలో 111 నుంచి 172.

మొదటి అంకె చూసి ప్రైవేటుకు అప్పగిస్తే సగం ఖర్చుతో పనైపోతుందని చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. అదే అధ్యయనంలో అందరి జేబులూ కలిపి వేసిన మొత్తం చూస్తే చప్పట్లు ఆగుతాయి: సర్కారు డాట్స్‌కూ ఉమ్మడి డాట్స్‌కూ అది 111, 123 డాలర్ల మధ్యే ఉంది. సర్కారుకు మిగిలిన డబ్బు గాలిలో పుట్టలేదు; నర్సింగ్ హోముల డాక్టర్లు, సిబ్బంది ఇచ్చిన సమయం, గది, కుర్చీ రూపంలో వాళ్లు భరించారు. అది మంచి పనే. కానీ ఆ మంచితనాన్ని ఎన్నాళ్లు, ఎన్ని ఊళ్లలో ఉచితంగా వాడుకోగలం? అసలు లాభం రెండో అంకెలో ఉంది. ఈ ఏర్పాటు లేకపోతే ప్రైవేటులో మునిగిపోయేవాడికి ఖర్చు సగానికి పడింది, పైగా జబ్బు నయమైంది. ఇలా జేబు వారీగా విడదీశాకే ఏ పద్ధతిని పొగడాలో, ఎందుకు పొగడాలో తెలుస్తుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పేదవాడికి తక్కువ ఖర్చు వైద్యం చాలుననడం అన్యాయం కాదా? లెక్క పేరుతో వాడికి రెండో రకం బతుకు కట్టబెట్టడం కాదా? మద్రాసు ఫలితం ఒక వైపు నుంచి జవాబిస్తుంది: ఇంటి వైద్యం రెండో రకం కాదని ఋజువు చేశాకే దాన్ని అంగీకరించారు. కానీ అభ్యంతరంలో నిజముంది. మందులకు లొంగని మొండి క్షయకు వైద్యం ఖర్చు దండగని 1990ల్లో అంతర్జాతీయ నిపుణులు చాలామంది అన్నారు. పెరూలోని లిమా శివారు బస్తీల్లో వైద్యులు పాల్ ఫార్మర్, జిమ్ కిమ్ బృందం ఆ రోగులకూ ఇళ్ల దగ్గరే నయం చేసి చూపింది. బేరమాడి కొనే ఏర్పాటు వచ్చాక మందుల ధరలూ దిగాయి. మన దేశంలో 2023 మార్చిలో మొండి క్షయకు వాడే బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు పొడిగింపు కోరితే పేటెంట్ కార్యాలయం తిరస్కరించింది. ధర రాతిమీద గీత కాదు, కాబట్టి ధర మీద నిలబెట్టిన ‘గిట్టదు’ అన్న తీర్పూ రాతిమీద గీత కాదు. లెక్క వేయొద్దనడం కంటే, లెక్కలో ఏ అంకెను మార్చగలమో అడగడం పేదవాడికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకో అభ్యంతరం పంజగుట్ట వైపు నుంచి వస్తుంది. క్షయకు వీధి మలుపు చాలు, గుండెపోటుకు చాలదు కదా? చాలదు. నిజాం ట్రస్టు డబ్బుతో ఎముకల ఆసుపత్రిగా మొదలై, ఎన్.టి. రామారావు హయాంలో నిమ్స్‌గా ఎదిగిన సంస్థ అక్కడ ఉండాల్సిందే. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన సర్కారు వైద్య పథకం ఆరోగ్యశ్రీ, తెల్లకార్డు ఉన్న పేద మనిషిని అంతకు ముందు గుమ్మం తొక్కలేని ఆసుపత్రుల్లో చేర్చింది. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. కాని ఆ పథకం ఆకృతి గమనించండి. అది ప్రధానంగా పడక మీద, ఆపరేషన్ మీద డబ్బు కడుతుంది. బీపీ, షుగర్ మాత్రలకు నెలనెలా అయ్యే ఖర్చు, వాటి కోసం పోయే కూలి దాని పరిధిలోకి రాలేదు. భోర్ కమిటీ కాలపు పడక మళ్లీ లెక్కకు కేంద్రమైంది. 2018 నుంచి హైదరాబాదులో తెరిచిన బస్తీ దవాఖానాలు, అంటే పేటల్లోని చిన్న సర్కారు క్లినిక్కులు, ఆ వంకరను కొంత సరిచేశాయి. అవి చేసే పని రిబ్బను కత్తిరించిన ఫొటోలో కనిపించేది కాదు. రోగి ఆసుపత్రి మెట్లు ఎక్కాల్సిన అవసరం రాకపోవడమే అక్కడి ఫలితం. రాని రోగికి బిల్లు వేయడం, లెక్క కట్టడం రెండూ కష్టమే.

శానటోరియాన్ని పూర్తిగా తోసిపుచ్చడానికీ చరిత్ర ఒప్పుకోలేదు. ఝార్ఖండ్‌లో వైద్యుడు అనురాగ్ భార్గవ బృందం రోగుల ఇళ్లకు రేషన్ సరుకులిచ్చి చేసిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి: కుటుంబ సభ్యులకు తిండి పెరిగిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మద్రాసు ప్రయోగం చెప్పింది మందు దొరికిన రోగికి తిండి తేడా పెద్ద అడ్డు కాదని. జబ్బు ఇంకా రానివాళ్ల సంగతి అది అడగలేదు. ఆరోగ్యవరంలో పాలూ గుడ్లూ పెట్టిన పాతకాలపు డాక్టర్లు తప్పు చేయలేదు, తిండిని పడకకు కట్టేయడమే తప్పైంది. ఆ తిండి ఇంటికే వెళ్లేలా రోగికి నెలకు 500 రూపాయలిచ్చే నిక్షయ్ పోషణ యోజన 2018లో వచ్చింది, 2024 నవంబరులో అది 1,000 అయింది. ప్రభుత్వం క్షయ లెక్కలో రోగి వంటింటికి ఒక వరస తెరిచింది, చిన్నదే అయినా.

రెండు మహళ్లూ ఇంకా వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఛాతీ ఆసుపత్రిని అనంతగిరికి పంపి, ఎర్రగడ్డ స్థలంలో సచివాలయం కట్టాలనుకుంది. నిరసనలు వచ్చాక ఆ ఆలోచన ఆగిపోయింది. ఎర్ర మంజిల్‌ను కూల్చి శాసనసభ కడతామన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఛాతీ ఆసుపత్రి ఆవరణలో మాత్రం 2022 ఏప్రిల్‌లో వెయ్యి పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.