నలుగు ఫొటోలో పసుపు

మానుకోటలో స్టూడియో నడిపినవాడికి నలుగు ఫొటోలే అసలు పరీక్ష. పెండ్లిపిల్ల ఒంటినిండా పసుపు, చుట్టూ పసుపు చీరల ముత్తైదువలు. రీళ్ల కాలంలో ఆ ఫొటోలు కడిగించుకొస్తే పిల్ల ముఖం తరచుగా నీలంగా, పాలిపోయి కనిపించేది.

తప్పు కెమెరాది కాదు. ఫొటోలోని రంగులన్నీ కలిస్తే బూడిదరంగే రావాలన్న లెక్కతో కలర్ ల్యాబ్ ప్రింటర్ నడిచేది. కొడాక్‌లో పనిచేసిన రాల్ఫ్ ఎవాన్స్ 1946లో పేటెంట్‌కు పెట్టిన సూత్రమిది. బడిపిల్లల గ్రూప్ ఫొటోకు చక్కగా సరిపోయేది. ఫ్రేమంతా పసుపే ఉంటే మాత్రం, యంత్రం అది ఎక్కువైందనుకొని నీలం కలిపేది. తలంబ్రాల్లో ఎర్రచీర నిండిపోతే ముఖాలకు నీలి ఆకుపచ్చ జీర పడేది.

దాన్ని సరిచేసేది ల్యాబ్ ఆపరేటరే. పసుపు, మెజెంటా, సయాన్, డెన్సిటీ మీటలు అతని వేళ్ల కింద ఉండేవి. నెగెటివ్‌లో రంగులు తలకిందులుగా ఉంటాయి. అయినా చూడగానే ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలో పసిగట్టేవాడు. మా రీళ్లు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ల్యాబ్‌కు పోయేవి, జనగామ వాళ్లవీ ఆ బండిలోనే. రైలు లేని భూపాలపల్లివి పరకాల మీదుగా బస్సులో హన్మకొండకు చేరేవి. ఆ పిల్ల అసలు రంగేమిటో ఆపరేటర్‌కు తెలిసే దారి లేదు. అందుకే కవరు మీద 'నలుగు ఫొటోలు, పసుపు తగ్గించొద్దు' అని రాసేవాణ్ణి. మా ఆల్బమ్‌ల మీద స్టూడియో పేరు పక్కన ఆ ఆపరేటర్ల పేర్లూ ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

కవరు మీద ఆ రాత చేసిన పనిని నేడు కలర్ ప్రొఫైల్ చేస్తోంది. అడోబీ, యాపిల్, కొడాక్ వంటి కంపెనీలు 1993లో కూడి ఐసీసీ అనే సంఘం పెట్టుకున్నాయి. ఒక్కో మానిటర్, ప్రింటర్, కాగితం రంగును ఎలా చూపిస్తాయో అంకెల్లో రాసిపెట్టే పద్ధతి అక్కడ కుదిరింది. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిని ముందుకు తెచ్చాయి; 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. చాలా ఆల్బమ్ ల్యాబ్‌లు నేటికీ అందులోనే ఫైళ్లు అడుగుతాయి. అంతకన్నా విశాలమైన అడోబీ ఆర్‌జీబీలో తీసిన ఫైల్‌ను మార్చకుండా పంపితే, ప్రొఫైల్ చదవని యంత్రం దగ్గర పసుపూ కుంకుమా వెలిసిపోతాయి.

మానిటర్ సొంత వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం దాని మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. తెరమీద మెరిసిన ప్రతి ఎరుపూ కాగితం మీదికి రాదు. మన మార్కెట్‌లో మిర్చి రాసిని ఫొటో తీసి చూడండి: ఎరుపు అంకె పై హద్దు 255ను తాకిన చోట కాయల ముడతలు మాయమై ఒకే ముద్దగా కనిపిస్తుంది. పట్టుచీర మడతలకూ అదే గతి. కాగితం ప్రొఫైల్ పెట్టి ముందే తెరమీద చూసుకుంటే ఎక్కడ ముద్దవుతుందో తెలుస్తుంది, ప్రింటుకు పంపకముందే ఎరుపు కాస్త దించొచ్చు.

కరిజ్మా రకం పెండ్లి ఆల్బమ్ చీకటిగా వచ్చిందంటే చాలాసార్లు కారణం షాపులో మానిటర్ వెలుగు పూర్తిగా పెంచి పెట్టుకోవడమే. గ్లాసీ కాగితానికి ఒక ప్రొఫైల్, మ్యాట్‌కు మరొకటి ఉంటాయి. వాటిని ల్యాబ్‌ను అడిగి తీసుకోవాలి. స్టూడియో పిల్లలు నా దగ్గరికొస్తే ఏ లెన్సు కొన్నారని అడగను. మానిటర్ కాలిబ్రేట్ చేసి ఎన్నాళ్లైందని అడుగుతాను.