ముక్కుతో పాడే పాటలు

నిజం చెప్పొద్దూ, మొదట్లో ఆ పాటలంటే నాకు ఒళ్ళుమంట.

నాలుగేళ్ళ క్రితం చెల్లెలి పురిటికని అమ్మతోబాటు నేనూ అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది టెనెసీ రాష్ట్రంలో. కారెక్కితే చాలు, మా మరిది కంట్రీ మ్యూజిక్ పెట్టేవాడు. ఓ గిటారూ, ముక్కుతో సాగదీసే గొంతూ - అంతే! సుశీల పాటలు వింటూ పెరిగిన చెవులాయె, ఎలా ఓర్చుకుంటాయి చెప్పండి?

"ఏమిటయ్యా ఈ ముక్కుపాటలు?" అన్నానోరోజు.

"రాగం సంగతి తర్వాత, ముందు మాటలు వినండి వదినగారూ" అన్నాడు నవ్వుతూ.

విన్నాను. అక్కడే దొరికిపోయాను! ఎవరో ఇల్లాలు పక్కింటి గోడ మీదుగా తన కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టుంది. వారం తిరిగేసరికి నేనే రేడియో పెట్టమని అడగడం మొదలెట్టాను. ఊరుకోక లైబ్రరీ పుస్తకాలు తెప్పించుకుని ఆరా తీస్తే, కథ 1927 దాకా వెళ్ళింది.

ఆ వేసవిలో విక్టర్ రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన యంత్రాలు వేసుకుని బ్రిస్టల్ వచ్చాడు. ఆ ఊరి నడివీధికి ఓ పక్క టెనెసీ, రెండో పక్క వర్జీనియా. అంతకుముందు టోపీల కంపెనీ ఉన్న ఓ భవనంలో మకాం పెట్టి, చుట్టుపక్కల కొండల్లో పాడేవాళ్ళను రమ్మన్నాడు. పాటకు 50 డాలర్లు. కొండరైతుకు అది తక్కువ మొత్తమేం కాదు.

ఆగస్టు 1న కార్టర్ కుటుంబం వచ్చింది. ఏ.పి. కార్టర్, ఆయన భార్య శారా, తమ్ముడి భార్య మేబెల్. ఆడవాళ్ళిద్దరూ తోడికోడళ్ళే కాదు, అక్కచెల్లెళ్ళ వరస కూడాను. శారా చంకలో చంటిపిల్లాడు. వాడిని ఆడించడానికి ఎనిమిదేళ్ళ కూతురు గ్లాడిస్. మేబెల్‌కు పద్దెనిమిదేళ్ళు, కడుపుతో ఉంది. మరుసటి నెలలోనే ప్రసవమైంది.

ఇది చదువుతుంటే పక్కగదిలో మా చెల్లెలు మంచం దిగడానికే ఆయాసపడుతోంది. ఆ పిల్లేమో నిండు నెలలతో కొండదారుల వెంట వచ్చి గిటారు వాయించింది! అదీ మామూలు వాయింపు కాదు. బొటనవేలితో మందపు తీగల మీద పాట బాణీ, తక్కిన వేళ్ళతో తాళం. ఆ పద్ధతి చూసి తర్వాత తరాలెన్నో గిటారు నేర్చుకున్నాయి.

రెండోరోజు ఏ.పి. లేడు, ఆడవాళ్ళిద్దరే వచ్చి పాటలు రికార్డు చేశారు. అందులో ఒక పాట శారాకు బొత్తిగా ఇష్టం లేదు. పెళ్ళికాని పిల్ల ముస్తాబై షికార్లు తిరుగుతుంది, పెళ్ళయిన పిల్ల ఉయ్యాల ఊపుతూ ఏడుస్తుంది - ఇదీ దాని సారాంశం. పీర్ పట్టుబట్టాడు, పాడక తప్పలేదు. తీరా జనం మెచ్చింది ఆ పాటనే!

ఆమెకెందుకు ఇష్టం లేదో నేను వేరే చెప్పాలా? పాటలు సేకరించాలని ఏ.పి. నెలల తరబడి ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. లెస్లీ రిడిల్ అనే నల్లజాతి కళాకారుడు వెంట ఉండి బాణీలు గుర్తుపెట్టుకునేవాడు. పాపం, రికార్డుల మీద ఆయన పేరు లేదు. ఇంటి దగ్గర పొలమూ, పిల్లలూ శారా నెత్తినే. 1930లలో వాళ్ళిద్దరూ విడిపోయారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పక్కపక్కన నిలబడి పాడారు. ఆ నిబ్బరం తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

శారా గొంతులో గుంభనంగా ఉన్నది తర్వాతివాళ్ళు పైకే అనేశారు. సంసారం చెడితే తప్పంతా ఆడదానిదేనన్న ఒక మగవాడి పాటకు 1952లో కిట్టీ వెల్స్ జవాబు పాడింది. ముగ్గురు పిల్లల తల్లి. పెళ్ళయిన సంగతి మరిచి తిరిగే మగాళ్ళ మాటేమిటని నిలదీసింది. కొన్ని రేడియోలు వేయమన్నాయి. అయినా కంట్రీ పాటల జాబితాలో మొదటిస్థానానికి ఒంటరిగా చేరిన తొలి మహిళ ఆవిడే. బొగ్గుగని కార్మికుడి కూతురు లొరెట్టా లిన్‌కు పదిహేనేళ్ళకే పెళ్ళి, ఆ తర్వాత కొన్నేళ్ళలోనే నలుగురు పిల్లలు. ఆవిడ 1975లో గర్భనిరోధక మాత్ర మీదే పాట విడుదల చేస్తే ఎన్నో స్టేషన్లు తలుపులు మూసుకున్నాయి. వినేవాళ్ళు మాత్రం విన్నారు.

మా అమ్మమ్మ తిరగలి విసురుతూ అత్తగారి ఆరళ్ళ పాటలు పాడేది. ఆ ఊరికి ఏ పీరూ రాలేదు. యంత్రమూ రాలేదు. వాటిలో ఒక్క చరణమైనా నాకు పూర్తిగా రాదు.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజున అమ్మ ఉయ్యాల దగ్గర కూచుని, అమ్మమ్మ పాట ఏదో అందుకుంది. మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికొచ్చింది. నేను చప్పుడు చేయకుండా ఫోనులో రికార్డు నొక్కి పక్కన పెట్టాను.

రాత్రి వేసి విన్నాను. మా అమ్మ పాడిందీ ముక్కుతోనే సుమండీ!