పేరు లేని మగ చెట్లు

ఖతార్ రాజధాని దోహాలోని అల్ ముంతజా పేట పేరులోనే తోట ఉంది. అరబ్బీలో ముంతజా అంటే ఉద్యానవనం. ఖతార్ గతం గురించి రాసేవాళ్లు మాత్రం ముత్యాలు, పడవలు, కోటల దగ్గరే ఆగిపోతారు. కానీ అదే దేశంలోని పాత పట్టణం జుబారా శిథిలాల్లో మద్బసాలు కూడా బయటపడ్డాయి. ఇవి గాడులు తీసిన నేల ఉన్న గదులు. ఖర్జూరం బస్తాలను ఒకదానిమీద ఒకటి పేర్చితే ఆ బరువుకు కారిన పాకం ఈ గాడుల వెంట జారి పల్లానికి చేరేది. ఖర్జూరం ఇక్కడి బతుకులో ఎంత కలిసిపోయిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆ చెట్లు ఎక్కడివి, ఏ వంశానివి అన్న ప్రశ్నకు మద్బసా జవాబు చెప్పదు. ఖలాస్, ఖునైజీ, బర్హీ అన్న రకాల పేర్లూ పూర్తిగా చెప్పవు. ఆ జవాబు చెట్టు కణాల్లోనే ఉందని నా వాదన.

కారణం సాగు పద్ధతిలోనే ఉంది. గింజ నాటితే మొలిచేవాటిలో దాదాపు సగం మగవి, తక్కినవాటి కాయ తల్లి కాయలా ఉండదు. అందుకే రైతులు తల్లి చెట్టు మొదట్లో పుట్టిన పిలకను వేరుచేసి నాటుతూ వచ్చారు. పిలక తల్లికి నకలే. నేటి చెట్టులో చదివేది తరతరాల కింద ఎవరో ఎంచుకున్న ఒక్క మొక్క డీఎన్‌ఏనే. మైక్రోశాటిలైట్ మార్కర్లు ఆ చదువుకు అక్షరాలు: డీఎన్‌ఏలో కొన్ని చిన్న ముక్కలు వరసగా పునరావృతమవుతాయి, ఎన్నిసార్లన్నది రకాన్నిబట్టి మారుతుంది. ఆ లెక్కలు పోలిస్తే ఒకే పేరు మోస్తున్న రెండు వేరు వంశాలూ, రెండు పేర్లు మోస్తున్న ఒకే వంశమూ బయటపడతాయి. ఖతార్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 2011లో ఖలాస్ జన్యుక్రమం ముసాయిదాను ప్రచురించారు. 2015లో వాళ్లే పలు దేశాల రకాలను పోల్చి, గల్ఫ్ వైపువి ఒక గుంపు, ఉత్తర ఆఫ్రికావి మరో గుంపు అని తేల్చారు. ఆఫ్రికా గుంపులో క్రీట్ దీవి అడవి ఖర్జూరం పాలు కలిసిందని 2019లో మరో అధ్యయనం చూపింది. 

నేటి చెట్ల డీఎన్‌ఏ తేదీలు చెప్పదు కదా అంటే, నిజమే. తేదీల కోసం మట్టినే అడగాలి. అబుదాబి తీరంలోని దల్మా దీవిలో సుమారు 7,000 ఏళ్లనాటి ఖర్జూర గింజలు దొరికాయి. అవి అడవి కాయలవో తోట కాయలవో తేల్చడం కష్టం. ఒమాన్ కొండల్లో అడవి ఖర్జూరాలు ఉన్నాయని 2017లో జన్యు ఆధారాలతో చూపాక ఆ ప్రశ్నకు బలం పెరిగింది. రైతు పెట్టిన పేర్లను తక్కువ చేస్తున్నామన్న అభ్యంతరం ఇంకా బరువైనది. రుచి, పండే కాలం, నిలవ గుణం చెప్పేది ఆ పేరే. ఏ మార్కరూ ఆ పని చేయదు. అయితే పేర్లు ఉన్నది దాదాపుగా ఆడ చెట్లకే. చేత్తో పుప్పొడి అద్దే తోటలో డజన్లకొద్దీ ఆడ చెట్లకు ఒక్క మగ చెట్టు చాలు, అదీ తరచుగా గింజనుంచి మొలిచిందే. కాయ కాయదు కనుక దానికి పేరు పెట్టినవారు తక్కువ, గుర్తుపెట్టుకున్నవారు ఇంకా తక్కువ. తోటకు కొత్త రక్తం తెచ్చిన ఆ చెట్ల చరిత్రకు డీఎన్‌ఏ తప్ప మరో దస్తావేజు లేదు.