రైలు రాని మెల్రోజ్

ఎడిన్‌బరోలో రైలెక్కితే దాదాపు గంటలో ట్వీడ్‌బ్యాంక్ వస్తుంది. అదే ఆఖరి స్టేషన్. మెల్రోజ్ అక్కణ్నుంచి ఇంకో మూడు కిలోమీటర్లు. బస్సెక్కాలి, లేదా నడవాలి.

చిన్న ఊరే. కానీ చూడ్డానికి వచ్చేవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు. 1136లో స్థాపించిన క్రైస్తవ మఠం శిథిలాలు ఇక్కడున్నాయి. 1883లో సెవెన్స్ రగ్బీ పుట్టిందీ ఇక్కడే. దగ్గర్లోనే నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఇల్లు, అబ్బాట్స్‌ఫర్డ్. ఆయన 1832లో చనిపోతే మరుసటి ఏడాదే దాన్ని సందర్శకులకు తెరిచారు. 1849లో మెల్రోజ్‌కి రైలొచ్చింది. తర్వాత ఎడిన్‌బరో నుంచి కార్లైల్ దాకా సాగిన ఆ మార్గానికి స్కాట్ నవల పేరే పడింది: వేవర్లీ.

1963 నాటి బీచింగ్ నివేదిక మూసేయమన్న లైన్లలో ఇదీ ఉంది. ఆ లెక్కల్లో రైల్వేకి వచ్చే రాబడి ఉంది గానీ, రైలు దిగినవాళ్లు ఊళ్లో గదికీ భోజనానికీ పెట్టే డబ్బు లేదు. కారు లేనివాళ్ల సెలవులు అసలే లేవు. 1969 జనవరిలో లైను మూతపడింది. ఆఖరి రాత్రి న్యూకాసిల్టన్ గ్రామస్థులు గేట్లు వేసి రైలుని ఆపేశారు. అయినా లాభం లేకపోయింది.

46 ఏళ్ల తర్వాత, 2015లో, ఎడిన్‌బరో వైపు నుంచి రైలు తిరిగొచ్చింది, ట్వీడ్‌బ్యాంక్ దాకానే. మెల్రోజ్ పాత స్టేషన్ భవనం ఇంకా నిలిచే ఉంది. దాని పక్కన ఒకప్పుడు పట్టాలున్న చోట ఇప్పుడు బైపాస్ రోడ్డు మీద కార్లు పోతుంటాయి.