బందరు కోట, బందరు ఉప్పెన

విజయవాడలో బెంజ్ సర్కిల్ నుండి తూర్పుగా సాగు బాట సుమారు 70 కిలోమీటర్ల దూరమున బందరు చేరును. ఊరు దాటి సముద్రము వైపు పోయినచో ఉప్పునేలలో పాతకోట శిథిలములు కనబడును. రాజ్యరక్షణ అనగా కోటయు, దండును, ఫిరంగులును అని నమ్మిన కాలపు గుర్తులవి.

ఆంగ్లేయులు 1611లో బందరున వర్తకశాల నెలకొల్పిరి. 1750లో రేవు ఫ్రెంచివారి వశమైనది. కోట చుట్టును బురదనేల; ఊరికిని కోటకును నడుమ కట్టపై బాట. ఆ బురదయే కోటకు అగడ్తవలె ఉండెను. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డ్ పంపిన ఒక దళము ఆ బురదలోనుండియే వచ్చి కలకలము రేపెను. అసలు దాడి వేరొక దిక్కున బురుజుపై జరిగెను. లోపలి సైన్యము బయటి సైన్యముకన్న పెద్దది. అయినను తెల్లవారుసరికి కోట ఆంగ్లేయులది! మే 14న సలాబత్ జంగు బందరును, చుట్టుపట్ల సీమను వారికి వ్రాసి యిచ్చెను. ఇంతవరకు చరిత్ర గ్రంథములు విపులముగనే చెప్పును.

పిమ్మట నూరేండ్లు గడచినవి. కరవు భయము తీర్చుటకై తలపెట్టిన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. సముద్రమును గూర్చి మాత్రము తగినంత ఆలోచన జరుగలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితో ఉప్పెన వచ్చెను. శత్రువునకు అడ్డమని నమ్మిన పల్లపునేలయే నీటికి దారి యిచ్చెను. అలలు పెక్కుమైళ్లు లోనికి చొచ్చుకొనివచ్చినవి. కడతేరినవారు సుమారు 30,000 మంది. ముట్టడిలో పడినవారి లెక్క వందలలోనిది. ఆపై బందరుకోటలోని దండును తొలగించిరి.

1974లో పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిపిన మన దేశము, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెననుండి కాపాడలేకపోయెను. మృతులు ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000. హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని "పెనుగాలులు వీచును" అనుటకును, "నీ యింటికప్పు మునుగును, లేచి పొమ్ము" అనుటకును ఎంత అంతరమో మైకు ముందు కూర్చుండు మావంటివారు ఎరుగవలెను.

భద్రత యనగా సరిహద్దుల కాపు మాత్రమే కాదని, ఆకలి, రోగము, ప్రకృతి విపత్తు మున్నగువానినుండి మనుష్యుని రక్షించుటయని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు 1994 నాటి మానవాభివృద్ధి నివేదికలో వాదించిరి. ఆ నివేదిక రూపకర్త మహబూబుల్ హక్. కృష్ణాతీరమున ఆ మాటకు నాలుగేండ్ల ముందే ఒక నిదర్శనము కలదు. 1990 మే 9న, 1977 నాటి దానికి తీసిపోని తుపాను ఈ తీరమునే తాకెను. లక్షలమందిని ముందుగా మెరక ప్రాంతములకు తరలించిరి. మృతులు వేయికి లోపు. అదియు కొద్ది సంఖ్య కాదు. ఆ రాత్రి జనము తలదాచుకొన్నది తుపాను రక్షణ భవనములలోను, బడులలోను.