పొట్లచెఱువు బసదులు – జయపత్రములు

హైదరాబాదునకు వాయవ్యమున నున్న పటాన్‌చెరు నేడు కర్మాగారముల మూలమున లోకమునకు తెలిసిన ఊరు. దాని చేరువనే, అమీన్‌పూరు మండలమున, పటేల్‌గూడ కలదు. పదునొకండవ శతాబ్దమున ఈ ప్రాంతమునకు వేఱొక ప్రసిద్ధి యుండెను. కల్యాణ చాళుక్య చక్రవర్తి రెండవ జయసింహుని (1015–1042) నెలవీడుగా శాసనములు పేర్కొను పొట్టలకెరె ఈ పటాన్‌చెరువే యని చరిత్రకారులలో పెక్కుమంది యభిప్రాయము. తెలుగున అది పొట్లచెఱువు. ఇచ్చట లభించిన తీర్థంకర విగ్రహములు ఒకప్పుడిది గొప్ప జైనస్థానమని చాటుచున్నవి. ఆ స్థాన మెట్లు క్షీణించెనను ప్రశ్నకు వీరశైవ సంప్రదాయము సంకోచములేని సమాధాన మిచ్చుచున్నది: జైనులు వాదమున నోడిరి, రాజు శైవుడయ్యెను, బసదులు కూలినవి. ఈ సమాధానము నెంతవఱకు గ్రహింపవచ్చునో పరిశీలించుటయే ప్రస్తుత వ్యాసోద్దేశము.

కథాసారము సుపరిచితమే. జయసింహుడు జైనుడు, రాణి సుగ్గలదేవి శివభక్తురాలు, దేవర దాసిమయ్య శిష్యురాలు. గురువు పొట్టలకెరెకు వచ్చి రాజసభలో జైనులతో వాదించి గెలుచును. అటుపై ఏడువందల బసదులు నేలమట్టమైనవని సంప్రదాయము గర్వముతో లెక్క చెప్పుచున్నది. ఈ దాసిమయ్యయు, నేతగాడైన జేడర దాసిమయ్యయు ఒక్కడేనా, ఇరువురా యను వివాద మిచ్చట మనకు ప్రధానము కాదు.

సమకాలిక సాక్ష్యము ఈ కథతో పొసగుట కష్టము. జయసింహుని యాదరము పొందిన వాదిరాజు జైనాచార్యుడు. ఆయన పార్శ్వనాథచరితము శక 947లో, అనగా 1025లో, ముగిసినది. పదేండ్ల తరువాత అదే రాజు బళ్ళిగావెలో కాలాముఖుడైన లకులీశ్వర పండితునకు దానము చేసెను. ఆ శాసనము పండితుని, బౌద్ధులను, జైనులను, మీమాంసకులను, తదితర వాదులను నిర్జించిన వాడని పొగడుచున్నది. ఈ పొగడ్తను జైనహింసకు నిదర్శనముగా చూపువారు, అదే వాక్యమున మీమాంసకులును ఓడిపోయినారని గమనింపవలెను. మీమాంసకులను ఊచకోత కోసినారని ఎవ్వరును వ్రాయలేదు గదా! వాదవిజయ మానాడు పండితుల బిరుదముల భాష. మఱియు 1047లో, జయసింహుని మరణానంతరము, ఆయన సోదరి అక్కాదేవి అరసిబీడిలోని జినాలయమునకు దానము చేసినది. ఏడువందల బసదులు కూల్చిన రాజకుటుంబమున ఇది జరుగుట వింతయే. కావున పొట్లచెఱువు కథ జయసింహుని కాలపు వృత్తాంతము కాదనియు, తరువాతి కాలపు భావావేశము ఒక ప్రసిద్ధ రాజు పేరికి ముడివడినదనియు నా యభిప్రాయము.

అంతమాత్రమున హింసయే జరుగలేదని తేల్చివేయుట తొందరపాటగును. అట్లు తేల్చనీయని సాక్ష్యము నేటి కర్ణాటకమున హావేరి జిల్లాలోని అబ్బలూరున నున్నది. 1200 ప్రాంతమునాటి శాసన మది. ఏకాంతద రామయ్య యను శైవుడు అచ్చటి జైనులతో పందెమొడ్డెను. తన తల తాను నఱకుకొనును. శివానుగ్రహమున నది మరల అతుకుకొన్నచో జైనులు జినబింబమును తొలగించి శివుని నిలుపవలెను. ఈ యొడంబడిక తాటాకుపై వ్రాయబడినది. ఏడవనాడు తల అతుకుకొన్నదట. జైనులు మాట తప్పిరి. రామయ్య జినబింబమును ధ్వంసము చేసెను. జైనులు పోయి బిజ్జలునితో మొఱపెట్టుకొనిరి.

తరువాతి ఘట్టము ఎక్కువ విచారింపదగినది. బిజ్జలుడు రామయ్యను పిలిపించి, ఇట్లేల చేసితివని ప్రశ్నించెను. రామయ్య తాటాకును సభలో చూపి, కావలెనన్న పరీక్ష మరల జరుపుడనెను. ఈ మాఱు జైనులు వెనుదీసిరి. రాజు వారిని శాంతముగా బ్రతుకుడని పంపివేసి, రామయ్యకు జయపత్రమిచ్చి, గుడికి గ్రామము దానము చేసెను. బింబభంగము జరిగినది, ఫిర్యాదు వచ్చినది, విచారణ నడచినది, పత్రము సాక్ష్యమైనది, తీర్పు వెలువడినది. తల అతుకుట నమ్మనివారు కూడ ఈ వ్యవహారక్రమమును త్రోసిపుచ్చజాలరు. ఆ యూరి గుడిలో ఈ కథ శిల్పములుగా, లఘుశాసనములతో సహా చెక్కబడియున్నది. ధ్వంసమును దాచుకొనలేదు, కీర్తిగా రాతి కెక్కించిరి.

ఐరోపాలో 1231 ప్రాంతమున తొమ్మిదవ గ్రెగరీ పోపు నెలకొల్పిన మతవిచారణసభలతో దీనిని పోల్చుట కలదు. పోలిక కొంతవఱకే చెల్లును. అచ్చట విచారణాధికారి శాశ్వతోద్యోగి. నిందితుని అంతరంగమును వెలికితీయుట ఆయన పని. ఇచ్చట శాశ్వతాధికారి లేడు. రాజు మధ్యవర్తి, పందెము ప్రమాణము. నీవేమి నమ్ముచున్నావని బిజ్జలు డడుగలేదు. ఒడంబడిక యేమని యడిగెను. అయినను ఒక విషయమున ఐరోపీయ చరిత్రకారుడు మనకంటె భాగ్యశాలి. 1318–1325 మధ్య జాక్ ఫూర్నియే బిషప్పు జరిపిన విచారణల గ్రంథమున మోంతాయూ పల్లెవాసుల మాటలు, విచారకుల లాటిను తెరవెనుక నుండియైనను, వినవచ్చుచున్నవి. అబ్బలూరు జైనుల మాట ఒక్కటియు మనకు మిగులలేదు. వారి మౌనమును కూడ గెలిచినవారే వ్రాసిరి.

పాల్కురికి సోమనాథుని ఈ వెలుగున చదువుట యవసరము. బసవపురాణము రాజాధికారమును, వర్ణాధిక్యమును, పండితభాషను ధిక్కరించిన కావ్యము. భక్తుల కన్నులు పెఱికించిన బిజ్జలుడు అందు మతహింసకుడు. అతని వధ ధర్మ్యము. ఆ కావ్యమే జైనుల పరాభవమును ఉత్సాహముతో కీర్తించును. హింసింపబడిన వారి ఆక్రోశమును, హింసించువారి ఆనందమును ఒకే ద్విపద ధార మోసినది. మన విమర్శకులు మొదటిదానిని ఘనముగా చర్చించిరి. రెండవదానిని గూర్చి ఇంచుక సిగ్గుతో తప్పుకొనిరేమో యని నా కనిపించును.

తెలుగుదేశమున ఈ కథాబీజము మఱికొంత పెరిగినది. కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రము, తిక్కన సోమయాజి గణపతిదేవుని సభలో జైనబౌద్ధులను ఓడించెననియు, పిదప వారి ఆలయములు నాశమయ్యెననియు చెప్పుచున్నది. ఇది కాకతీయుల తరువాతి రచన. దీనికి ప్రతిగా రెండు సాక్ష్యములు తలంపునకు వచ్చును: 1117లో, రెండవ ప్రోలుని కాలమున, మంత్రి బేతన భార్య మైలమ అనుమకొండ గుట్టపై కట్టించిన కడలాలయ బసది, 1319లో, ప్రతాపరుద్రుని పాలనలో, ఓరుగల్లున అప్పయార్యుడు ముగించిన జినేంద్రకల్యాణాభ్యుదయము. మొదటిది గణపతిదేవునికి పూర్వపుది గావున దానివలన ఇంతకంటె సాధింపలేము. రెండవదియే బలవత్తరము. జైనులు నిర్మూలింపబడిన నగరమున జైనగ్రంథము పుట్టదు.

పొట్లచెఱువు తరువాతి చరిత్రలో మఱియొక చిత్రము కలదు. పదునాఱవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున ఈ పటాన్‌చెరు ప్రభువైన అమీన్‌ఖానుకే పొన్నిగంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతిచరిత్రము నంకితమిచ్చెను. వాదములు, జయపత్రములు లేకయే ఒక మతమువాని సభలో మఱియొక మతమువాని కావ్యము వెలసినది.

బసదుల విషయమున మిగిలిన పని గ్రంథాలయములలో లేదు. లభించిన విగ్రహములలో ఏవి భిన్నమైనవి, ఏవి అభిన్నములు, దెబ్బ ముఖముపై పడినదా, కాలక్రమమున విఱిగినదా, పూడ్చిన స్థితిలో దొరికినదా, గోడరాయిగా దొరికినదా యను వివరములు ఒక్కచోట చేర్చవలసియున్నవి. అమీన్‌పూరు, పటేల్‌గూడ మొదలుకొని చుట్టుపట్ల నేల యంతయు పునాదులకై త్రవ్వబడుచున్నది గనుక ఈ పట్టికను పరిశోధకవిద్యార్థులు శీఘ్రముగా చేపట్టవలెను.