కనిగిరి వెన్నుపూస, రెండు మొనల పట్టకారు

మనుషుల కంటే ముందు ఎడ్లు కూలబడ్డాయి. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లా రైతులు గమనించిన సంగతి ఇది. కాడి మోయాల్సిన ఎద్దు కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోయేది. కొన్నేళ్లకు అదే బిగువు దాన్ని తోలే మనిషిలోనూ కనిపించింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. మన దేశంలో ఈ జబ్బు వైద్య చరిత్రకెక్కింది అప్పుడే. 

ఆ జబ్బు పట్టిన హనుమంతునిపాడు, కనిగిరి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అందులో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జిల్లా మారింది కానీ బోరు నీళ్లు మారలేదు.

లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి అంతకు మించి తాగితే పళ్లకు గార పట్టడంతో ఆగదు. ఎముక చిక్కబడి దంతంలా గట్టిపడుతుంది. వెన్నుపూసల్ని కలిపి ఉంచే మెత్తటి పట్టీలు కూడా ఎముకగా మారిపోతాయి. మధ్యలో వెన్నుపాముకు ఉన్న దారి ఇరుకైపోతుంది. ముందు కాళ్లు బిగుస్తాయి, తరవాత చచ్చుబడతాయి. హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఇలాంటి రోగుల మీద దశాబ్దాలు పనిచేసి, తాను చూసిందంతా 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో క్రోడీకరించారు.

నరం అంతగా నలిగినప్పుడు మందులతో పని కాదు. వెనక నుంచి వెన్నుపూస కమానును తొలిచి తీసి, వెన్నుపాముకు చోటు ఇవ్వాలి. రాయిలాంటి ఆ ఎముకను డ్రిల్లుతో పలచగా అరగదీస్తూ వెళ్తారు. అసలు కష్టం ఆ తరవాత మొదలవుతుంది. వెన్నుపాము పొర చుట్టూ సన్నటి సిరల అల్లిక ఉంటుంది. అందులో ఒక్కటి తెగినా రక్తం నిండి ఏమీ కనబడదు. రక్తనాళాన్ని కాల్చి మూసే మామూలు కరెంటు కాటరీని అక్కడ ముట్టించడం ప్రమాదం. ఆ కరెంటు మొన దగ్గర దిగి, ఒంట్లోంచి పాకి, రోగి తొడకో పిరుదుకో అంటించిన ప్లేటు దాకా వెళ్తుంది. దారిలో ఉన్న నరం ఆ వేడికి మాడిపోవచ్చు.

బోస్టన్‌లో న్యూరోసర్జన్ హార్వే కుషింగ్‌కు కరెంటు కాటరీ అందింది 1926 అక్టోబరు 1న. పుర్రె మీది కణితి నుంచి రక్తం ఆగక, మూడు రోజుల ముందు సగంలో వదిలేసిన ఆపరేషన్‌ను విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో ఆ రోజు ముగించాడు. అయితే అది ఒంటి మొన పరికరం. హ్యూస్టన్‌కు చెందిన జేమ్స్ గ్రీన్‌వుడ్ 1940లో వేరే దారి చూపించాడు: పట్టకారు రెండు కాళ్లనూ విడివిడిగా కరెంటుకు కలిపితే, ఆ కరెంటు ఒక మొన నుంచి రెండో మొనకే పోతుంది, మధ్యలో పట్టుకున్న సిర మాత్రమే ముడుచుకుని మూసుకుంటుంది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో లియొనార్డ్ మాలిస్ 1950ల మధ్యలో దీనికి తగ్గ యంత్రం కట్టి, న్యూరోసర్జన్ల చేతికి అలవాటు చేశాడు. మన దగ్గర న్యూరోసర్జరీకి పునాది పడింది కూడా సరిగ్గా ఆ కాలంలోనే. 1949లో వెల్లూరులో జాకబ్ చాందీ, 1950లో మద్రాసులో రామమూర్తి, ఆ దశకంలోనే విశాఖ కేజీహెచ్‌లో బాలపరమేశ్వరరావు.

థియేటర్‌లో ఈ రెండు మొనల పట్టకారును అందరూ బైపోలార్ అనే అంటారు. సర్జన్ చెయ్యి చూపుకు అడ్డు రాకుండా మధ్యలో మెట్టులా వంగి ఉంటుంది. మొనలు మిల్లీమీటరు, కొన్నిటికి అందులో సగం. కాలితో పెడల్ నొక్కినంతసేపే కరెంటు. రెండు మొనలూ పూర్తిగా అతుక్కుంటే కరెంటు వాటి మధ్యే తిరిగిపోయి సిర మూసుకోదు. వెంట్రుకంత ఎడం ఉంచాలి, పైనుంచి సెలైన్ చుక్కలు పడుతుండాలి. తడి లేకపోతే రక్తం మొనకు మాడి అంటుకుని, లాగినప్పుడు మూసిన సిర మళ్లీ తెగుతుంది.

ఇది ఒకసారి వాడి పారేసేది కాదు. పేద రోగులు వచ్చే సర్కారు ఆస్పత్రికి అదే ఊరట. కానీ ఆ ఊరట థియేటర్ సిస్టర్ శ్రద్ధ మీద నిలుస్తుంది. మాడిన రక్తాన్ని తడి గాజ్ గుడ్డతో తుడవాలే కానీ బ్లేడుతో గీకకూడదు. గీకితే మొన నునుపు పోయి మరింత అంటుకుంటుంది. కాళ్ల మీది ప్లాస్టిక్ పూత ఎక్కడైనా లేచిందేమో వెలుతురులో తిప్పి చూడాలి. ఆ పగుల్లోంచి కరెంటు పక్కకు దూకితే, ఇంత కష్టపడి కాపాడిన నరమే కాలుతుంది. ఆ తరవాతే ఆటోక్లేవ్‌లోకి, 134 డిగ్రీల ఆవిరిలోకి. ఈ పని చేసేవాళ్ల పేర్లు ఆపరేషన్ విజయాల్లో ఎక్కడా వినబడవు. వినబడాలి.

ఎంత నేర్పుగా చేసినా, ఏళ్లుగా నలిగిన నరం పూర్తిగా కోలుకుంటుందన్న హామీ లేదు. తొందరగా వచ్చినవాళ్లకే ఫలితం ఎక్కువ. అందుకే పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఇంట్లో పెద్దాయన కాళ్లు బిగుస్తున్నాయన్నా, నడుస్తుంటే తూలుతున్నానన్నా "వయసైపోయింది కదా" అని సర్దిచెప్పొద్దు. మూత్రం మీద పట్టు తప్పకముందే ఎమ్మారై తీయించాలి, ఇంట్లో తాగే నీళ్లు పరీక్షకు పంపాలి.